పాలియోనా, సిటీ వీటెక్కా?

విజయనగరంలో పాత స్పోర్టీ కారు కొని బాగుచేసుకుందామనుకునేవాళ్లకు నేను చెప్పేవి రెండే: 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6, అదే కాలం నాటి హోండా సిటీ వీటెక్.

హైవే మీద పాలియో నిలకడ గొప్పది. కానీ ఫియట్ కార్ల అమ్మకాలు మన దేశంలో ఆగిపోయాయి, విడిభాగాలకు విశాఖ పరుగెత్తాలి.

సిటీ సంగతి వేరు. మా బావ కారు ఎంత తొక్కినా ఊపందుకోలేదు. "ఇంజిన్ పోయినట్టుంది బావా" అని టెన్షన్ పడ్డాడు. వీటెక్ అంటే ఇంజిన్ వేగం (ఆర్‌పీఎం) పెరిగినప్పుడు వాల్వులను ఇంకాస్త ఎక్కువ తెరిచే ఏర్పాటు; అది నడిచేది ఆయిల్ ఒత్తిడితో. ఆ ఆయిల్‌ను వదిలే కరెంటు వాల్వు, అదే సోలినాయిడ్, విప్పితే, లోపల చిన్న జల్లెడ నిండా నల్లటి మడ్డి! కడిగి, కొత్త ఆయిల్ పోశాం. ఆ సాయంత్రం ఆనందపురం దారిలో ఆర్‌పీఎం సూది పైకెళ్లగానే ఇంజిన్ గొంతు మారింది. ఒళ్లు పులకరించింది.

రెండిట్లోనూ ఇంజిన్ వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపేది రబ్బరు టైమింగ్ బెల్టే. కొన్న వారంలోనే మార్చేయండి. నా ఓటు మాత్రం సిటీకే.