కెమెరా బ్యాగు ఏది కొనాలి? విశాఖ–అరకు–వంజంగి దారిలో పెట్టి చూస్తే

షాపులో కెమెరా బ్యాగు చూపించేటప్పుడు ముందు జిప్పు తీసి లోపలి గళ్లు చూపిస్తారు. ఇక్కడ బాడీ, ఇక్కడ మూడు లెన్సులు, వెనక ల్యాప్‌టాప్. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తీరా ఊరు దాటాక మనల్ని ఏడిపించే విషయాలు వేరే. బ్యాగు కింద పెట్టకుండా కెమెరా తీయగలమా? పెట్టక తప్పకపోతే బురద ఏ వైపు అంటుతుంది? రాత్రి నిద్రపోయేటప్పుడు అది ఎక్కడ ఉంటుంది? ఈ మూడూ తేలాక బ్యాగులో ఎంత పడుతుందన్న లీటర్ల లెక్క చూసుకోవచ్చు.

వీటిని పరీక్షించడానికి విశాఖ, అరకు, వంజంగి దారిని మించింది మన దగ్గర లేదు. రైలు, గుహ, మెట్లు, కోతులు, మంచు, సముద్రపు గాలి అన్నీ రెండు మూడు రోజుల్లోనే ఎదురవుతాయి.

పొద్దున్నే విశాఖలో బయల్దేరే కిరండూల్ రైలు అరకు చేరేలోపు పదులకొద్దీ సొరంగాలు దాటుతుంది. దారిలోని శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. సొరంగానికీ సొరంగానికీ మధ్య లోయ కనిపించేది కొద్ది క్షణాలే కాబట్టి కెమెరా చేతిలోనే ఉండాలి, బ్యాగు ఒళ్లో ఉండాలి. పై అరలో పెట్టిన పాతిక లీటర్ల బ్యాక్‌ప్యాక్ ఈ నాలుగు గంటలూ ఎందుకూ కొరగాదు. ఒక భుజం మీంచి ఒంటికి అడ్డంగా వేసుకునే 5, 6 లీటర్ల చిన్న బ్యాగు, అంటే స్లింగ్, ఇక్కడ రాజా. అద్దాల బోగీ విస్టాడోమ్‌లో టికెట్ దొరికితే చోటు బాగుంటుంది కానీ పెద్ద అద్దాల్లో లోపలి వెలుతురు ప్రతిఫలిస్తుంది. స్లింగ్ ముందు జేబులో చేతిరుమాలంత నల్లగుడ్డ ఒకటి ఉంచుకుని లెన్స్ చుట్టూ అద్దానికి ఆనిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. మామూలు బోగీలో కిటికీ ఊచలకు బ్యాగు తగిలించకండి. ప్లాస్టిక్ కొక్కెం ఊడేది సరిగ్గా అలాంటి కుదుపుల్లోనే.

బొర్రా గుహల్లో సంగతి మారుతుంది. కెమెరాకు విడిగా టికెట్ తీసుకోవాలి. లోపల మెట్లు తడిగా ఉంటాయి, పైనుంచి నీటి చుక్కలు పడుతుంటాయి, వెలుతురు తక్కువ. స్లింగ్ వేసుకుని మెట్లు దిగుతూ కాస్త వంగితే చాలు, బ్యాగు వీపు మీంచి జారి ముందుకొచ్చి మోకాలికి కొడుతుంది. చంక కింద నుంచి వెళ్లే రెండో సన్నపట్టీ ఉన్న స్లింగ్ అయితే అలా జారదు. ఆ పట్టీని అనవసరపు అలంకారం అనుకుని చాలామంది తీసి ఇంట్లో పడేస్తారు. లెన్స్ మార్చాల్సివస్తే చుక్కలు పడని చోటు చూసుకుని, బ్యాగు లోపలే, మూత నీడన మార్చండి. ఇక బయట కోతులు. వాటి గురి కెమెరా మీద ఉండదు, పక్కజేబులోని పల్లీపట్టీ మీద ఉంటుంది. తినే వస్తువేదీ కెమెరా బ్యాగులో పెట్టకపోవడం ఒక్కటే మందు.

వంజంగిలో బ్యాక్‌ప్యాక్ అవసరం తెలుస్తుంది. పాడేరు దగ్గర ఈ కొండకు నవంబర్ నుంచి జనవరి దాకా మబ్బుల సముద్రం చూడ్డానికి వెళ్తారు. సూర్యోదయానికి పైన ఉండాలంటే చీకట్లోనే నడక మొదలుపెట్టాలి. ఒంటిపట్టీ బ్యాగుల్లో మూడు కిలోలు దాటితే ఎక్కుడులో మెడ పట్టేస్తుంది, పైగా బ్యాగు ఊగి బ్యాలెన్స్ చెడగొడుతుంది. రెండు భుజాల మీదా పడే బ్యాగు, ఛాతీ మీద క్లిప్పు, నడుముకు బెల్టు కావాలి. సన్నటి నాడాలాంటిది బెల్టు కాదు. తుంటి ఎముక మీద కూర్చునేంత వెడల్పు, లోపల కాస్త ఫోమ్ ఉండాలి.

పైకి చేరాక గడ్డి మొత్తం మంచుతో తడిసి ఉంటుంది, జనం తొక్కిన చోట బురద. ముందువైపు తెరుచుకునే బ్యాగుల లోపం ఇక్కడే. వాటిని తెరవాలంటే వీపుకు ఆనే మెత్త నేలమీదికి పోవాలి. ఫొటోలు అయ్యాక అదే తడి, అదే బురద మన చొక్కాకు. వీపువైపు తెరుచుకునే బ్యాగు అయితే ముందు ముఖం నేలకు ఆనుతుంది, మెత్త పొడిగా మిగులుతుంది. బెల్టు గట్టిదైతే అసలు నేల మీద పెట్టక్కర్లేదు. ఛాతీ క్లిప్పు విప్పి, భుజం పట్టీలు రెండూ దించి, బెల్టు మాత్రం కాస్త వదులు చేసి, బ్యాగును నడుం చుట్టూ తిప్పి పొట్ట ముందుకు తెచ్చుకోవాలి. పైభాగాన్ని ముందుకు వాలిస్తే వీపు జిప్పు మనకేసి ఉంటుంది. తెరిస్తే లోపలి గళ్లన్నీ బల్ల మీద పరిచినట్టు కళ్లముందుంటాయి. కొనేటప్పుడు షాపులోనే బ్యాగులో బరువు వేసి ఈ పని చేసి చూడండి. బెల్టు చిన్నదైనా, పొట్ట పెద్దదైనా తిరగదు; ఆ సంగతి అక్కడే తెలిసిపోతే మేలు. లోపలి గుడ్డ బూడిదరంగో పసుపో ఉంటే చీకట్లో నల్లటి లెన్స్ మూతలు వెతుక్కునే బాధ తప్పుతుంది.

బస విషయంలో కెమెరాల దృష్టితో చూస్తే టెంట్ల కంటే గది నయం. కొండమీద టెంటు గుడ్డకు లోపలివైపు తెల్లవారుజామున నీరు పడుతుంది, అది కారి బ్యాగు మీదే చేరుతుంది. టెంటు తప్పదనుకుంటే బ్యాగును మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి చుట్టేయండి. చార్జింగ్ పాయింట్ ఉమ్మడిగా ఒకచోటే ఉండే టెంట్లు కూడా ఉంటాయి, బుక్ చేసేముందే అడగాలి. లంబసింగి చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చాక వెంటనే జిప్పు తీస్తే గాలిలోని తేమ చల్లటి అద్దం మీద ఆవిరిలా పడుతుంది. విశాఖలో ఇదే తిరగబడుతుంది. ఏసీ గదిలోంచి బీచ్‌కు వెళ్లగానే కెమెరా బయటికి తీస్తే లెన్స్ మసకబారుతుంది. రెండుచోట్లా బ్యాగు మూసే ఉంచి అరగంట వదిలేయడమే దారి. ఇందుకు మెత్త మందంగా ఉన్న బ్యాగులు పనికొస్తాయి, లోపలి ఉష్ణోగ్రత నిదానంగా మారుతుంది కాబట్టి. ఇంటికొచ్చాక మాత్రం కెమెరాను బ్యాగులోనే వదిలేయకండి. కోస్తా తేమకు మూసిన బ్యాగులోని ఫోమ్ చెమ్మ పట్టుకుంటుంది, లెన్స్‌లో ఫంగస్‌కు అంతకంటే మంచి చోటు లేదు. గాలి చొరబడని డబ్బా, అందులో సిలికా జెల్, 40 నుంచి 50 శాతం తేమ చాలు.

విమానంలో వచ్చేవాళ్లకు బరువే అసలు తిప్పలు. దేశీయ విమానాల ఎకానమీలో చేతిసామాను సాధారణంగా 7 కిలోలు, 55×35×25 సెంటీమీటర్లు. ఒక మామూలు సరంజామా లెక్క వేద్దాం. కెనాన్ ఆర్6 మార్క్ 2 బ్యాటరీతో 670 గ్రాములు, 24–105 ఎఫ్4 లెన్స్ 700, 100–400 లెన్స్ 635, 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ 160. పదమూడు అంగుళాల తేలిక ల్యాప్‌టాప్ ఇంకో 1.25 కిలోలు. చార్జర్లు, బ్యాటరీలు, వైర్లు అరకిలో. ఇదంతా కలిపి నాలుగు కిలోలకు ఒక పిసరు తక్కువ. దళసరి కెమెరా బ్యాక్‌ప్యాక్ ఖాళీగానే రెండు కిలోల పైన తూగుతుంది. ఇక మిగిలేది కిలో. ఒక జత బట్టలు, ఒక నీళ్ల సీసా పడగానే కౌంటర్ దగ్గర వాదన మొదలు. అందుకే బ్యాగు ఖాళీ బరువు ఎంతో చూడకుండా కొనకండి.

స్పేర్ లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయకూడదు, చేతిసామానులోనే ఉండాలి. కెమెరా బ్యాటరీలు 16 వాట్ అవర్ల చుట్టుపక్కలే కాబట్టి 100 వాట్ అవర్ల పరిమితితో ఇబ్బంది లేదు. ఒక్కోదానికి ప్లాస్టిక్ మూత పెట్టండి, లేదా లోహపు చివర్ల మీద టేపు అంటించండి. సెక్యూరిటీ దగ్గర కెమెరా బయటికి తీయమంటారు. గళ్లలోంచి ఒక్కొక్కటే తీసి ట్రేలో పేర్చే బ్యాగు అయితే వెనక వరుస గొణుగుతుంది. కడప లాంటి ఊళ్లకు నడిచే చిన్న ఏటీఆర్ విమానాల్లో పై అరలు చిన్నవి. అక్కడ గట్టి చట్రం ఉన్న బ్యాగును విమానం దగ్గరే తీసేసుకుని కింద వేస్తారు. మెత్తటిదైతే సీటు కింద దూరుతుంది.

ఈ లెక్కలన్నీ చూశాక మా ఓటు రెండు ముక్కల ఏర్పాటుకే. ఇంట్లో ఉన్న మామూలు 25–30 లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగు, దాంట్లో పెట్టుకునే కెమెరా ఇన్సర్ట్, మడిచి పెట్టగల 5, 6 లీటర్ల స్లింగ్. ఇన్సర్ట్ అంటే గళ్లున్న మెత్తటి పెట్టె, అంతే. ట్రెక్కింగ్ బ్యాగు ఖాళీగా కిలో చుట్టుపక్కలే ఉంటుంది, నడుం బెల్టు చాలా కెమెరా బ్యాగుల కంటే మెరుగు, చూసినవాడికి లోపల లక్షల సామాను ఉందన్న అనుమానమూ రాదు. సెక్యూరిటీ దగ్గర ఇన్సర్ట్ మొత్తం ఎత్తి ట్రేలో పెట్టేయొచ్చు. రైల్లో రాత్రి పెద్ద బ్యాగును కింది బెర్తు కింద గొలుసుతో కట్టి, ఇన్సర్ట్ ఒక్కటీ తీసి తలదగ్గర పెట్టుకోవచ్చు. లోపం కూడా ఉంది: పైనుంచి మాత్రమే తెరుచుకునే ట్రెక్కింగ్ బ్యాగులో ఇన్సర్ట్ అడుక్కు పోతే కెమెరా తీయాలంటే బట్టలన్నీ పైకి రావాల్సిందే. వీపువైపో ముందువైపో సూట్‌కేస్‌లా పూర్తిగా తెరుచుకునే జిప్పున్నది వెతుక్కోండి. రోజంతా రెండు బాడీలు, ఫ్లాష్‌లు మార్చి మార్చి వాడే పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఈ సలహా పనికిరాదు, వాళ్లకు అసలైన కెమెరా బ్యాగే కావాలి.

స్లింగ్ కొనేటప్పుడు లీటర్లు నమ్మకండి. పక్క జేబులు, మూత కింది ఖాళీ అన్నీ అందులో కలిపేస్తారు. లోపలి కొలతలు చూడాలి, బయటి కొలతల కంటే అవి రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు తక్కువ. బాడీకి లెన్స్ బిగించి, హుడ్ (లెన్స్ ముందుండే నీడ గొట్టం) తిరగేసి పెట్టి, స్కేలుతో కొలవండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీకి 24–105 తగిలిస్తే పొడవు 17, 18 సెంటీమీటర్లు వస్తుంది, గ్రిప్పు వల్ల మందం 9 దాకా పోతుంది. లోపలి లోతు 11 లేకపోతే జిప్పు మూసేటప్పుడు అది స్క్రీన్‌ను రాసుకుంటుంది. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) బాడీ, 16–50 లెన్స్, 50–250 లెన్స్ అయితే మొత్తం కిలోకు కాస్త అటూ ఇటూ, 4 లీటర్లే బోలెడు. మూత మన ఒంటికేసి కాక బయటికి తెరుచుకోవాలి. లేకపోతే చేతికీ కెమెరాకీ మధ్య మూత అడ్డం పడుతుంది.

ఎక్కడ చెడతాయంటే, మొదట జిప్పు స్లైడర్. పళ్లు బాగానే ఉంటాయి, స్లైడర్ వదులై మూసినా వెనక విచ్చుకుంటుంది. రుషికొండ, భీమిలి ఇసుక ఈ పని త్వరగా చేస్తుంది. ఇంటికి రాగానే పొడి టూత్‌బ్రష్‌తో ఇసుక దులిపి, మంచినీళ్ల గుడ్డతో ఉప్పు తుడిచి, పూర్తిగా ఆరాక కొవ్వొత్తి రుద్దండి. ఇసుక ఉండగానే మైనం రాస్తే ఇంకా పాడు. రెండోది పట్టీ కుట్టు. పట్టీ బ్యాగులోకి దిగేచోట ఒక గీత కుట్టు చాలదు, పెట్టెలా కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు వేసి ఉండాలి. మూడోది గుడ్డకు లోపలివైపు నీరు దిగకుండా వేసే పీయూ (పాలీయురెథేన్) పూత. వేడికీ తేమకూ కొన్నేళ్లలో జిగటగా మారి పొరలు రాలుతుంది, ఆ పొట్టు లెన్స్ వెనక మూతలకు అంటుకుంటుంది. దానికి మందు లేదు, బ్యాగు మార్చాల్సిందే.

రెయిన్ కవర్ మీద అతి నమ్మకం వద్దు. అది ముందూ పక్కలూ కప్పుతుంది, వీపు భాగం ఖాళీ. వాన మెడమీంచి భుజం పట్టీల వెంట కారి సరిగ్గా వీపు జిప్పు దగ్గరికే చేరుతుంది. వీపువైపు తెరుచుకునే బ్యాగులకున్న పెద్ద లోపం ఇదే. జూలై, ఆగస్టుల్లో అరకు దారిలోని అనంతగిరి వైపు వెళ్తే ఇన్సర్ట్‌ను లోపల మందపాటి సంచిలో పెట్టండి. పాపికొండల పడవకు నోరు చుట్టి మూసే, నీళ్లు చొరబడని డ్రై బ్యాగు మేలు, దాన్ని ఒంటికి కట్టుకోకుండా చేతికందేలా పక్కన పెట్టుకోండి.

కెమెరా పగలగొట్టే అసలు నేరస్థుడు మాత్రం వానా కాదు, ఇసుకా కాదు. సగం తెరిచిన జిప్పు. ఒక ఫొటో తీసి, ఇంకోటి తీస్తాంలే అని జిప్పు వదిలేసి, పిడి పట్టుకుని బ్యాగు ఎత్తగానే కెమెరా నేలమీద. తెరిచి ఉంటే ఎత్తకూడదు, ఎత్తాలంటే మూయాలి. వేరే ఎవరైనా సాయానికి మన బ్యాగు ఎత్తుతుంటే ముందే కేకేయండి.

గుళ్ల ప్రయాణం వేరు. తిరుమల ఆలయంలోకి కెమెరా, ఫోన్ రెండూ వెళ్లవు. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచేవాళ్ల సామాను ఉచితంగా పైకి చేరుస్తారు, మంచి సౌకర్యమే. కానీ సామాను గుట్టలో ఏది దేనిమీద పడుతుందో ఎవరూ చూడరు, కెమెరా అందులో వేయకండి. పైన గదిలోనో లాకర్‌లోనో పట్టేంత చిన్న బ్యాగుతో వెళ్లడం ఉత్తమం. రైల్వే క్లోక్‌రూముల్లో తాళం వేయని సామాను తీసుకోరు, కాబట్టి జిప్పు రెండు కొసలకూ తాళం పట్టే రంధ్రాలున్నాయో చూసుకోండి. గోల్కొండ, చార్మినార్ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి. బ్యాగుకు బయట కట్టిన ట్రైపాడ్ గేటు దగ్గరే ఆపిస్తుంది.

పక్షులకోసం నేలపట్టు, పులికాట్ వెళ్లేవాళ్లకు పైన చెప్పిన స్లింగ్ లెక్కలు చెల్లవు. సోనీ 200–600 లెన్స్ ఒక్కటే రెండు కిలోల పైన, పొడవు దాదాపు 32 సెంటీమీటర్లు. బాడీ తగిలించే ఉంచి నిలువుగా పెట్టాలంటే లోపల 42 సెంటీమీటర్లయినా కావాలి. మధ్య డివైడర్లన్నీ తీసేసి, లెన్స్ కాలర్ కాలు (ట్రైపాడ్‌కు బిగించే పాదం) బయటివైపు వచ్చేలా పెట్టండి, లోపలికి పెడితే గంటలో వెన్ను చెబుతుంది. మూతకు వెల్క్రో కాకుండా జిప్పు ఉన్నదే తీసుకోండి. నిశ్శబ్దంగా ఉన్న చెరువుగట్టు మీద వెల్క్రో చరచరమంటే కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి, పక్కన గంటనుంచి కాచుకున్నవాళ్ల చూపు భరించడం కష్టం.