ఏనుగు దంతం పియానో మెట్లుగా మారిన ఊళ్లు

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్ర రాజధాని హార్ట్‌ఫర్డ్ నుంచి రూట్ 9 రహదారి మీద దక్షిణంగా వెళితే గంటలోపే డీప్ రివర్ వస్తుంది. ఇక్కడి ప్రాట్, రీడ్ కంపెనీ, పక్కనున్న ఐవరీటన్‌లోని కామ్‌స్టాక్, చెనీ కంపెనీ కలిసి ఒకప్పుడు అమెరికా దిగుమతి చేసుకున్న ఏనుగు దంతంలో సింహభాగాన్ని పియానో మెట్లకు అతికించే పలకలుగా కోసేవి.

1881లో ప్రాట్, రీడ్ కంపెనీ పాత కర్మాగారం కాలిపోయాక కట్టిన ఎర్ర ఇటుకల భవనం ఇప్పుడు ‘పియానో వర్క్స్’ అనే నివాస సముదాయం. చెక్కు చెదరకుండా నిలబెట్టారు, మెచ్చుకోవాల్సిందే. కానీ లోపల జనం కాపురాలున్నాయి, బయటి నుంచి చూసి వెనుదిరగాలి. కేవలం దీనికోసమైతే అంత దూరం రావడం దండగ.

అసలు కథ తెలియాలంటే స్థానిక చరిత్ర సంఘం వారి ‘స్టోన్ హౌస్’కు వెళ్లండి. వేళలు ముందే కనుక్కోవాలి. పల్చగా కోసిన దంతపు పలకలను వాలు అద్దాల షెడ్లలో పరిచి, వడియాలు తిరగేసినట్టు తిరగేస్తూ వారాల తరబడి ఎండబెట్టేవారట, పసుపు పోయి తెలుపు రావడానికి. 75 పౌండ్ల దంతం ఒక్కటి 45 పియానోలకు సరిపోయేదట! ఆ దంతాన్ని ఆఫ్రికా లోపలి నుంచి జాంజిబార్ వైపు తీరానికి మోసినవారిలో బానిసలు ఎందరో. ముచ్చటైన ఈ వీధుల్లో నడుస్తుంటే ఆ సంగతి ఎంతకీ మనసులోంచి పోదు.

రేడియో, గ్రామఫోను, ఆపై ఆర్థిక మాంద్యం పియానోల గిరాకీని దెబ్బతీశాయి. 1936లో రెండు కంపెనీలూ ఒకటయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి గ్లైడర్లు కూడా చేశాయి.

నాకు బాగా నచ్చిన పునర్వినియోగం మాత్రం ఐవరీటన్ ప్లేహౌస్. 1911లో కార్మికుల వినోదం కోసం కట్టిన హాలు నేడు నాటకశాల. టికెట్ కొన్నవారెవరైనా లోపల కూర్చోవచ్చు.

పిల్లలుంటే పక్కనే ఉన్న ఎసెక్స్ ఊళ్లో ఆవిరి రైలు ఎక్కించండి. మబ్బు పట్టిన రోజున పడవ ప్రయాణం కలిపిన టికెట్ మాత్రం వద్దు.

మేము దిగిన పాతకాలపు సత్రంలో గది అందంగానే ఉంది. లిఫ్టు లేదు, పెట్టెలు ఇరుకు మెట్ల మీదుగా మోసుకోవాలి, వారాంతపు అద్దె జేబుకు చిల్లు. పెద్దవాళ్లతో వచ్చేవారికి దగ్గర్లోని ఓల్డ్ సేబ్రూక్ ఊళ్లోని మామూలు హోటళ్లే మేలు. న్యూయార్క్ రైలు కూడా అక్కడే ఆగుతుంది. అయితే ఈ ఊళ్లు తిరగడానికి కారు తప్పదు. శాకాహారులకు పిజ్జాయే గతి. పులిహోర కట్టుకుని వెళ్లండి.