క్యాచింగ్ ఫైరా, మాకింగ్‌జేనా: ఏది మేలు?

సుజాన్ కాలిన్స్ రాసిన హంగర్ గేమ్స్ నవలల సిరీస్ చదివినవాళ్లని కదిపితే రెండోది, అంటే ‘క్యాచింగ్ ఫైర్’ (2009) సూపర్ అంటారు, మూడోది ‘మాకింగ్‌జే’ (2010) పేరెత్తగానే మొహం చిట్లిస్తారు. నా ఓటు మాత్రం మూడోదానికే. ఎందుకో చెప్పాలంటే కథ బయటపెట్టక తప్పదు, చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

రెండోదాని గొప్ప కాదనను. ఈ కథలో క్యాపిటల్ అనే రాజధాని ఏటా ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ చీటీ తీసి, ఒక్కరే మిగిలేదాకా చంపుకునే ఆటలోకి తోస్తుంది. ఆట గెలిచి బయటపడ్డ పిల్లని మళ్లీ అదే ఆటలోకి తొయ్యడం ఎలా? 75వ ఆటలకి పాత విజేతల్లోంచే పోటీదారులని తీస్తామంటారు, డిస్ట్రిక్ట్ 12 నుంచి గెలిచి బతికున్న ఆడపిల్ల మన కథానాయిక క్యాట్నిస్ ఒక్కతే, కాబట్టి చీటీ తీయకముందే సంగతి తేలిపోతుంది. ఇక గడియారంలా పన్నెండు ముక్కలై గంటకో గండం తెచ్చే అరీనా (ఆట జరిగే చోటు), ఎవరికీ బరువు కాకూడదని తోటి పోటీదారు ముసలి మాగ్స్ విషపు పొగమంచులోకి నడిచి వెళ్లిపోవడం... పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. కానీ ఇంత ఘోరంలోనూ మనకో ధీమా ఉంటుంది. చెడ్డవాడు ప్రెసిడెంట్ స్నో, వాడు పోతే అంతా సర్దుకుంటుంది.

మూడోదాంట్లో ఆ ధీమానే లాగేసుకుంటారు. నేలకింద బతికే డిస్ట్రిక్ట్ 13లో పొద్దున్నే చేతి మీద ఆ రోజు టైమ్‌టేబుల్ అచ్చువేస్తారు, రొట్టె దొంగిలించారని క్యాట్నిస్‌ని ముస్తాబు చేసే ముగ్గురినీ గొలుసులతో గోడకి కట్టేస్తారు, ఇదీ మరి మన తిరుగుబాటు పక్షం! మొదటి ఆటని క్యాట్నిస్‌తో కలిసి గెలిచిన పీటా, క్యాపిటల్ చెరలో కందిరీగల విషంతో బుర్ర తారుమారై వచ్చి ఆమె గొంతే నులుముతాడు. చివర్లో పిల్లల మీద బాంబులు పడతాయి, వాళ్లని కాపాడటానికి వైద్యులు పరిగెత్తుకొచ్చాక రెండో విడత పేలి క్యాట్నిస్ చెల్లెలు ప్రిమ్ చచ్చిపోతుంది. ఆ తరహా ఉచ్చు క్యాట్నిస్ స్నేహితుడు గేల్, పాత విజేత బీటీ కలిసి ఆలోచించినదే. ఎవరు వేశారో పుస్తకం తేల్చి చెప్పదు, అనుమానం మాత్రం డిస్ట్రిక్ట్ 13 అధ్యక్షురాలు కాయిన్ మీదికే పోతుంది. చెల్లెలి బదులు ఆటలోకి వెళ్లడానికే కదా ఈ పిల్ల మొదటి పుస్తకంలో ముందుకొచ్చింది, ఇప్పుడా చెల్లెలే లేదు. ఆ తర్వాత క్యాపిటల్ పిల్లలతో ఇంకో ఆట ఆడిద్దామని కాయిన్ అంటే క్యాట్నిస్ సరేనంటుంది, మనస్ఫూర్తిగా అన్నదా, కాయిన్‌ని నమ్మించడానికి అన్నదా అని నేనింకా తేల్చుకోలేదు.

లోపాలు లేవా అంటే బోలెడు. అంతా క్యాట్నిస్ నోటితోనే చెప్పించడంతో, ఆమె ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడల్లా పెద్ద పెద్ద సంఘటనలు మనకి కబుర్లుగానే అందుతాయి. రెండో ఆటలో క్యాట్నిస్‌కి తోడు నిలిచిన ఫిన్నిక్ చావుని చిటికెలో దాటేయడం నాకిప్పటికీ మింగుడుపడదు.

సినిమాలుగా అయితే ఓటు మార్చేస్తా. 2013లో వచ్చిన రెండోది బిగువుగా ఉంటుంది, మూడో పుస్తకాన్ని 2014లో ఒకటి, 2015లో ఒకటిగా సాగదీశారు, అందులో మొదటి సగమంతా ఎదురుచూపులే.

పదీ పన్నెండేళ్ల పిల్లలకి ఇవ్వాలంటే రెండోది చదివించి మూడోది పెద్దయ్యాక అంటే కుదరదు, రెండోది ముగిసేదే డిస్ట్రిక్ట్ 12 ఇక లేదన్న కబురుతో, తర్వాతది దొరికేదాకా ఊరుకోరు. ఆ వయసుకి మొదటి పుస్తకం దగ్గరే ఆపడం నయం, ఆ ఆట అందులోనే అయిపోతుంది.