ఎర్ర చాక్‌తో ల్యాండ్‌స్కేప్ స్కెచ్‌లు: నా రివ్యూ

పెన్సిల్ పక్కన పెట్టి కొన్నాళ్లుగా బయట స్కెచ్‌లన్నీ ఎర్ర చాక్‌తోనే (బొమ్మలు గీసే ఎర్రమట్టి రంగు కడ్డీ) వేస్తున్నా. చెట్లకైతే దీన్ని మించింది లేదు. కడ్డీని పడుకోబెట్టి రుద్దితే ఆకుల గుబురు మొత్తం ఒక్క ఊపులో వచ్చేస్తుంది, తర్వాత అదే కడ్డీ అంచుతో కొమ్మలు, గట్టిగా నొక్కి నీడలు, ఎండ పడే చోట కాగితాన్ని అలాగే వదిలేయడం, అంతే. 1760లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఫ్రాగొనార్ ఇటలీలోని టివోలీ తోటల్ని దీంతోనే గీశాడు, ఆకుల మీద ఆ వెలుతురు చూస్తే ఒక్క రంగు చాలనిపిస్తుంది.

ఇబ్బందల్లా దూరపు కొండలతోనే. ఎరుపు వెచ్చని రంగు కదా, ముందుకొస్తుంది, చెయ్యి బాగా తేలిక చేయకపోతే కొండ కాస్తా చెట్ల పక్కకొచ్చి కూర్చుంటుంది. పైగా రబ్బరుతో పూర్తిగా పోదు. నున్నటి కాగితం మీద దండగ, కాస్త గరుకుండాలి. రంగు ఐరన్ ఆక్సైడ్‌ది కాబట్టి వెలిసిపోతుందన్న బెంగ లేదు, కానీ చెయ్యి తగిలితే చెదురుతుంది, ఫిక్సేటివ్ (రంగు చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాలి. కొత్తగా కొనేవాళ్లు కడ్డీయే తీసుకోండి, పెన్సిల్ రూపంలో వచ్చేది సన్న గీతలకి తప్ప పెద్దగా పనికిరాదు.