హిండరర్ ధర పెట్టలేనివారికి ఏ మడత చాకు మేలు?

"హిండరర్ మడత చాకు ఎక్స్‌ఎం-18 బొమ్మ చూశాం, ధర చూశాం, గమ్మున ఊరుకున్నాం. ఆ వంశంలోనే మన చేతికందే చాకు ఏదైనా ఉందా?" అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒడిశాలో మా గుణుపురం కుర్రాళ్లు, పర్లాకిమిడి, రాయగడ మిత్రులు, అటు మహారాష్ట్ర సరిహద్దులో బల్లార్షా బొగ్గు గనుల్లో పనిచేసే తెలుగువారు, అందరిదీ ఒకటే ప్రశ్న. అందుకే జవాబు కూడా ఒకేచోట రాసేస్తున్నాను. ముందు మూడు మాటలు: తెరిచిన అలుగును, అంటే కోసే రేకును, పిడి లోపలి పల్చని పలక (లైనర్) అడ్డుపడి ఆపితే అది లైనర్ లాక్; ఆ పని పిడి పలకే చేస్తే ఫ్రేమ్ లాక్; వేలితో నొక్కి అలుగును తెరిచే చిన్న కొమ్ము ఫ్లిప్పర్.

ముందుగా వంశవృక్షం. ఒహాయోలో రిక్ హిండరర్ చేసే ఎక్స్‌ఎం-18 ధర నాలుగు వందల డాలర్లు దాటుతుంది. ఆయనే గీసిచ్చిన నమూనాతో కెర్షా కంపెనీ తెచ్చిన చౌక చాకు క్రయో. కెర్షావారిదే ఖరీదైన శాఖ జీరో టాలరెన్స్. అందులో హిండరర్ నమూనాతో వచ్చిన 0562 ఈ రెండింటికీ నడిమి మెట్టు. కాలిఫోర్నియాకు చెందిన ఎర్నెస్ట్ ఎమర్సన్ స్వయంగా చేత్తో చేసిన చాకులు వేల డాలర్లు పలుకుతాయి. 2014లో ఆయన నమూనాలతో కెర్షా సీక్యూసీ-6కే, దాని తోబుట్టువులను విడుదల చేసింది. అమెరికా సైన్యంలో పనిచేసి తర్వాత చాకుల తయారీలోకి వచ్చిన కిట్ కార్సన్ సృష్టి ఎం16. దాన్ని సీఆర్‌కేటీ కంపెనీ అందరికీ అందే ధరకు తెచ్చింది. స్పైడర్కోది వేరే దారి. పేరున్న తన పారామిలిటరీ 2ను అమెరికాలోని కొలరాడోలో చేసుకుంటూనే, 2008 నుంచి టెనేషియస్ అనే చౌక చాకును చైనాలో చేయిస్తోంది. వీటిలో ఏదీ దొంగ నకలు కాదు. నమూనా ఇచ్చినవారి పేరు, అనుమతి ఉన్న సరుకే.

పెద్ద చాకు నుంచి చిన్న చాకుకు ఆకారం వస్తుంది, చాలావరకు లాక్ పద్ధతి వస్తుంది. ఉక్కు మాత్రం రాదు. అక్కడ ఎస్30వీ, ఎస్35వీఎన్ లాంటి పౌడరు ఉక్కులు (లోహపు పొడిని అదిమి చేసేవి), ఇక్కడ 8సీఆర్13ఎంఓవీ అనే చైనా ఉక్కు. అందరూ దీనికే పెదవి విరుస్తారు. మన సరిహద్దు జిల్లాల్లో ఉండేవారు పెదవి విరవాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. కారణం మన దగ్గర దొరికే సానరాయి.

ఎస్30వీలో నూటికి నాలుగు పాళ్లు వెనేడియం ఉంటుంది. అది కర్బనంతో కలిసి కట్టే కార్బైడ్ రేణువులు మామూలు అల్యూమినియం ఆక్సైడ్ సానరాయి కంటే గట్టివి. రాయి చుట్టూ ఉన్న ఉక్కును అరగదీస్తుంది గానీ ఆ రేణువుల జోలికి పోలేదు. సరైన పదును రావాలంటే డైమండు పలక కావాలి. మా ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికేది ఒక పక్క గరుకు, ఒక పక్క నున్నన ఉండే కార్బోరండం రాయి. 8సీఆర్13ఎంఓవీకి ఆ రాయి చాలు. నీళ్లు చల్లి ఒక పక్కే కాసేపు రుద్ది, అలుగు అవతలి వైపు బొటనవేలును వెన్ను నుంచి అంచు బయటికి, మెల్లగా లాగి చూడండి. గోటికి తగిలీ తగలనట్టు సన్నని గరుకు తెలుస్తుంది. మడమ నుంచి మొన దాకా ఆ గరుకు వచ్చిందంటే ఆ పక్క పని అయిపోయినట్టే. చాకు తిప్పి రెండో పక్క రుద్దాలి. ఆ గరుకును చివరికి పాత తోలు బెల్టు మీద దువ్వి తీసేస్తే కాగితం తెగుతుంది. పదును త్వరగా పోతుందన్న మాట నిజమే. కానీ పోయిన పదును టీ కాగేలోపు తిరిగి వస్తుంది.

ఇక్కడే చాలామంది "అయితే డీ2 ఉక్కు చాకు తీసుకోవచ్చు కదా, ధర కూడా అంతే" అంటారు. ఆన్‌లైన్‌లో చౌక చాకుల వివరాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే పేరు అదే. పదును నిలవడంలో డీ2 మెరుగు, ఒప్పుకుంటాను. అయితే దానిలో క్రోమియం సుమారు 12 శాతం, కర్బనం ఒకటిన్నర శాతం. అంత కర్బనం ఉన్నచోట క్రోమియంలో పెద్ద భాగం కార్బైడ్లలోనే ఇరుక్కుపోతుంది. తుప్పును అడ్డుకోవడానికి మిగిలేది తక్కువ. 8సీఆర్13ఎంఓవీలో కర్బనం 0.8 శాతం, క్రోమియం 13 శాతం పైన. కర్బనం తక్కువ కాబట్టి విడిగా మిగిలే క్రోమియం ఎక్కువ. ఆంటారియో ర్యాట్-1 చాకు ఏయూఎస్-8 ఉక్కుతోనూ (8సీఆర్13ఎంఓవీకి దగ్గరి జపాను ఉక్కు) వచ్చింది, డీ2తోనూ వచ్చింది. ఆ రెండూ దగ్గర ఉన్నవారు ఒక ఆషాఢం గడిపితే చాలు, నా వాదన అక్కర్లేదు. చింతపండు పులుపు తగిలిన డీ2 అలుగు మీద మర్నాటికి బూడిదరంగు మచ్చ లేస్తుంది. తుడవకుండా వదిలేస్తే అది గుంట పడుతుంది. హైదరాబాదులో ఏసీ గదిలో పార్శిళ్లు కోసుకునేవారికి డీ2 మంచిదే. వంశధార పొంగే నెలల్లో జేబులో చెమటతో, తొడమీద తడితో తిరిగే చాకుకు అది నప్పదు.

అసలు మాట ఇంకొకటి ఉంది. అలుగు మీది తుప్పు కంటికి కనబడుతుంది, తుడిచేస్తాం. చాకును చంపేది పిడి లోపలి తుప్పు. ఇరుసు దగ్గర, లైనర్ల వెనక, జేబుకు తగిలించే క్లిప్పు కింద అది మొదలవుతుంది. మన దగ్గర చాకు కోసేది తాళ్లు, అట్టపెట్టెలు మాత్రమే కాదు. వేసవిలో పనస, జీడిమామిడి, వానల్లో వెదురు కొమ్ములు, పత్తి రోజుల్లో బస్తాల తాళ్లు. పనస జిగురు ఇరుసులోకి దిగితే దుమ్మును పట్టుకుని గట్టిపడుతుంది, దుమ్ము తడిని పట్టుకుంటుంది. అందుకే నేను చూసే మొదటి లక్షణం లాక్ బలమూ కాదు, ఉక్కు పేరూ కాదు. ఈ చాకు లోపలికి నీళ్లు పోస్తే అవతలి నుంచి బయటికి వస్తాయా, విప్పి తుడిచి మళ్లీ బిగించగలమా అన్నదే. ఈ లెక్కన చూస్తే టెనేషియస్, క్రయో, సీక్యూసీ-6కే, ఎం16 అనే నాలుగు చౌక చాకులూ నాలుగు రకాలుగా తేలతాయి.

టెనేషియస్ పిడి వెన్ను తెరిచి ఉంటుంది. పలకల మధ్య ఉన్నవి చిన్న స్తంభాలే. లోపలి లైనర్లకు బరువు తగ్గడం కోసం కన్నాలు వేశారు, అవి నీళ్లు పోవడానికీ పనికొస్తాయి. ఇరుసు దగ్గర కంచు వాషర్లు ఉంటాయి, స్ప్రింగు లేదు. కొళాయి కింద పెట్టి తెరుస్తూ మూస్తూ కడిగి, ఎండలో ఆరబెట్టి, ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు. జిగురు పట్టినప్పుడు ముందు కొబ్బరినూనె, తర్వాత సబ్బు. నక్షత్రం తల స్క్రూలు విప్పే సాధనం ఏ మొబైల్ రిపేరు దుకాణంలోనైనా ఉంటుంది. పిడి పలకలు జీ10, అంటే గాజుబట్టను ఎపాక్సీతో అదిమిన పలక. వానకు ఉబ్బదు, ఎండకు పగలదు. (పర్లాకిమిడి కొమ్ము పనివారి చేత పలకలు వేయించుకుంటే ఎంత బాగుంటుందోనని నాకు ఎప్పుడూ ఆశే. వానాకాలం గుర్తొచ్చి ఆగిపోతుంటాను.) అలుగు పొడవు 3.39 అంగుళాలు. వెడల్పుగా, ఆకులా ఉండి వెన్ను నుంచి అంచుదాకా పల్చబడుతూ వస్తుంది కాబట్టి కూరగాయ కూడా చక్కగా తెగుతుంది. లోపం లేకపోలేదు. పారామిలిటరీ 2లోని, పిడి వెన్ను వైపు నుంచి విప్పే కంప్రెషన్ లాక్ దీనికి రాలేదు, మామూలు లైనర్ లాకే. మూసేటప్పుడు వేలు అలుగు దారిలో పెట్టాల్సిందే. ఒకప్పుడు 50 డాలర్ల లోపు ఉన్న ధర ఇప్పుడు పెరిగింది కూడా.

క్రయో చేతిలోకి తీసుకుంటే మొదట ముచ్చటేస్తుంది. హిండరర్ గీత అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్స్‌ఎం-18లో లాక్ పలక అతిగా బయటికి వంగకుండా ఆపే గుండ్రని బిళ్ల ఉంటుంది చూశారా, అది ఇందులోనూ ఉంది. అలుగు మాత్రం 2.75 అంగుళాలే. బరువు చూస్తే సుమారు 116 గ్రాములు, అంటే అంతకంటే చాలా పెద్దదైన టెనేషియస్ బరువే. ఎక్స్‌ఎం-18లో టైటానియం ఉన్నచోట దీనికి ఉక్కు పెట్టినందువల్ల వచ్చిన బరువిది. ఆ ఉక్కు 410 రకం, పైన టైటానియం పూత. క్లిప్పు రాసుకునే చోట, మూలల్లో పూత అరిగాక తుప్పు చుక్కలు అక్కడి నుంచే లేస్తాయి. నా అభ్యంతరం అసలు అది కూడా కాదు, లోపలున్న స్ప్రింగు. కెన్ ఆనియన్ కనిపెట్టిన స్పీడ్‌సేఫ్ అనే ఈ ఏర్పాటులో సన్నని ఉక్కు కడ్డీ ఒకటి అలుగును బయటికి తోస్తుంది. కొత్తలో టక్కున తెరుచుకుంటే సరదాగానే ఉంటుంది. జిగురు, దుమ్ము చేరాక ఆ తోపు సగంలో ఆగుతుంది. విప్పితే కడ్డీని మళ్లీ దాని గాడిలో కూర్చోబెట్టడం ఓపికతో కూడిన పని. జేబులో ఉత్తరాలు, పార్శిళ్ల కోసమే చాకు పెట్టుకునే ఆఫీసు ఉద్యోగికి క్రయో ఏ ఇబ్బందీ పెట్టదు. తోటకు వెళ్లేవారికి వద్దంటాను.

సీక్యూసీ-6కే సంగతి వేరు. అలుగు 3.25 అంగుళాలు, ఉక్కు 8సీఆర్14ఎంఓవీ, పిడి ఒక పక్క జీ10, లాక్ ఉన్న పక్క ఉక్కు. స్ప్రింగు లేదు. అలుగు వెన్ను మీద ఉండే చిన్న కొక్కెం ఎమర్సన్ పేరు నిలబెట్టిన వేవ్. జేబులోంచి లాగుతుంటే అది జేబు అంచుకు తగులుకుని చాకు బయటికి వచ్చేసరికే తెరుచుకుని ఉంటుంది. ఎదుటివాడి కత్తి వేలిమీదికి జారకుండా అడ్డుకునేందుకు పెట్టిన కొక్కెం ఇలా వేరే పనికొచ్చింది. అద్భుతమైన ఆలోచనే. కానీ ఇంటి దగ్గర మనం యుద్ధం చేయడం లేదు. నాలుగు నెలల్లో ప్యాంటు జేబు కుట్లు ఊడతాయి, బస్సు సీట్లో పక్కవారి ముందు తెరిచిన చాకుతో కూర్చోవాల్సి వస్తుంది. లోపలి నిర్మాణం సులువైనది, శుభ్రం చేసుకోవడం తేలిక. కడిగే పరీక్షలో దీనికి రెండో స్థానం ఇస్తాను. ఎమర్సన్ అంటే అభిమానం ఉన్నవారు కొనుక్కుని, క్లిప్పు తీసేసి సంచిలో వేసుకోండి.

ఎం16 గురించి చెప్పాలంటే ముందు ఏ ఎం16 అన్నది చెప్పాలి. అదే పేరు మీద రకరకాల పొడవులు, పిళ్లు, ఉక్కులు వచ్చాయి. పాతవాటిలో ఏయూఎస్-8, తర్వాతివాటిలో 8సీఆర్13ఎంఓవీ, కొన్నింటిలో డీ2 కూడా. అంగట్లో వివరాలు చదవకుండా కొంటే ఏది వస్తుందో తెలియదు. కార్సన్ గొప్పదనం ఫ్లిప్పర్. తెరిచాక అదే చేతికి అడ్డుగోడ అవుతుంది, తడిచేయి ముందుకు జారదు. చాలా ఎం16లలో ఆటోలాక్స్ అనే రెండో తాళం ఉంటుంది. అది పడితే లైనర్ పక్కకు జరగలేదు, చాకు మూతపడే ప్రసక్తే ఉండదు. వెదురు చీల్చేవారికి ఈ భరోసా విలువైనదే. అయితే మూయాలంటే పైమీట వెనక్కి లాగుతూ లైనర్‌ను నెట్టాలి, రెండు చేతుల పని. ఆ మీట కింద చేరే మట్టి తీయడం మరో పని. వెదురు చీల్చడానికి ఎలాగూ కొడవలో టాంగియానో (ఒడియా గొడ్డలి) చేతిలో ఉండే ఊళ్లలో ఈ తాళానికి అంత విలువ ఇవ్వలేకపోతున్నాను.

మిగతావి క్లుప్తంగా. ఆండ్రూ డెమ్కో చేతి తయారీ ఏడీ20కి చౌక రూపం ఏడీ20.5. దాని షార్క్ లాక్ అనే తాళం గట్టిది, వేలు అలుగు దారిలో పెట్టనక్కర్లేదు. దొరికితే కొనవచ్చు, మన వైపు దొరకడమే కష్టం. సివివి అనే చైనా కంపెనీ చాకుల పనితనం ఈ ధరకు నమ్మశక్యం కానంత శుభ్రంగా ఉంటుంది. కానీ వారి పేరున్న చాకు ఎలిమెంటమ్ డీ2తోనే ఎక్కువ అమ్ముడవుతోంది, పైన చెప్పిందే వర్తిస్తుంది. హిండరర్ పేరు చెక్కి వేయి రూపాయలకు అమ్మేవి దొంగ సరుకు. వాటి లాక్ మీద వేళ్లు పందెం కాయకండి.

కాబట్టి నా ఓటు టెనేషియస్‌కే. దాని ముఖం అంత గంభీరంగా ఉండదు, మామూలు రకానికి నల్లటి పూత అలుగు, రంపపు పళ్ల అంచు లాంటి హంగులు లేవు. అదీ ఒక లాభమే. కొరాపుట్, మల్కన్‌గిరి దారుల్లో వాహనాల తనిఖీలు కొత్త కాదు. సంచిలో పండ్లు కోసే చాకులా కనిపించేది ఉండటానికీ, టక్కున తెరుచుకునే నల్ల చాకు ఉండటానికీ అడిగే ప్రశ్నల్లో తేడా ఉంటుంది. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులకు, ఇల్లు, వ్యవసాయం లాంటి పనులకు చేసినవి కానప్పుడు, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు అడుగుతారు. ఇక్కడ చెప్పిన చాకులేవీ ఆ కొలతల దరిదాపుల్లో లేవు. అయినా స్ప్రింగుతో తెరుచుకునే చాకుల మీద కొన్నిచోట్ల విడిగా ఆంక్షలున్నాయి. ఎన్నికలప్పుడు, జాతర్లప్పుడు నిషేధాజ్ఞలు ఉన్న ఊళ్లకు చాకు ఇంట్లో పెట్టి వెళ్లండి. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో విమానం ఎక్కేవారు చాకును చెకిన్ లగేజీలో వేయాలి. చేతిసంచిలో మరచిపోతే భద్రతా తనిఖీ దగ్గరే వదిలేసి వెళ్లాల్సివస్తుంది.