చచ్చిన ప్రతిసారీ ఎంత దూరం నడవాలి?

గేమ్ ఎలా ఉందని అడిగితే గ్రాఫిక్స్ సంగతి నేను చివర్లో చెబుతాను. ఓడిపోయాక అది నన్ను ఏం చేస్తుందన్నదే ముందు చూస్తాను. నా వేళ్లు అంత చురుకైనవి కావు, రాత్రి దొరికేది గంటన్నర. 2025లో వచ్చిన మూడు గేమ్‌లను ఆ లెక్కనే తూచాను.

హాలో నైట్: సిల్క్‌సాంగ్‌ను 2019లో ప్రకటించి, 2025 సెప్టెంబరు 4న విడుదల చేశారు. పీసీ, స్విచ్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ అన్నిటిలోనూ ఉంది. నేను స్విచ్‌లో ఆడాను. మనం ఆడించే పాత్ర హార్నెట్ పరిగెత్తుతుంటే, గోడలు పట్టుకుని ఎగబాకుతుంటే ఊరికే చూస్తూ ఉండిపోవచ్చు. కానీ ఆమె గాల్లోంచి కొట్టే దెబ్బ నిట్టనిలువుగా కాదు, ఏటవాలుగా పడుతుంది. దీనికి ముందొచ్చిన హాలో నైట్ అలవాటు వదలక మొదటి రెండు రాత్రులు ముళ్ల మీదే గడిపాను. ప్రాణాన్ని మాస్కుల్లో లెక్కిస్తారు, మొదట్లో ఉండేవి అయిదు. చాలా శత్రువులు ఒక్క దెబ్బకు రెండు పట్టుకుపోతాయి. అంటే మూడు దెబ్బలకు పని ఖతం. శత్రువుల్ని కొడితే పోగయ్యే సిల్క్ నిండితే గాల్లో ఉండగానే మూడు మాస్కులు తిరిగి వస్తాయి గనక దానితో నాకు పేచీ లేదు.

పేచీ అంతా నడకతోనే. లాస్ట్ జడ్జ్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర పోయిన ప్రతిసారీ, చివరిసారి కూర్చున్న బెంచీ నుంచి బయల్దేరి, గాలి కొట్టే అంచుల మీద దూకుతూ మళ్లీ అక్కడిదాకా వెళ్లాలి. ఫైట్‌లో నా తప్పేంటో ఆలోచించుకునేలోపే దారిలో ఇంకో తప్పు. కొన్ని బెంచీల మీద కూర్చోవాలన్నా పూసలు (ఆ గేమ్‌లో డబ్బులు) చెల్లించాలి, ఇదెక్కడి న్యాయం? చివరికి ఆ బాస్‌ను పడగొట్టి, హమ్మయ్య అని దగ్గరికెళ్తే పేలింది. అప్పుడు మాత్రం పడీపడీ నవ్వాను.

క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33ని ప్లేస్టేషన్ 5లో ఆడాను. ఇది టర్న్ బేస్డ్, అంటే వంతులవారీ కొట్లాట. అలాగని శత్రువు వంతు వచ్చినప్పుడు టీ కప్పు అందుకోవడానికి లేదు. ప్రతి దెబ్బా తప్పుకోవాలి, లేదా సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కి అడ్డుకోవాలి. శత్రువులు చెయ్యి ఎత్తి, ఆగి, ఇంకాస్త ఆగి కొడతాయి. నేనేమో ఎత్తగానే నొక్కేసేవాణ్ని. కత్తిని చూడటం మానేసి శబ్దం వినడం మొదలుపెట్టాక కుదిరింది. వరుస దెబ్బలన్నీ అడ్డుకున్నాక మనవాళ్లు ఎదురు కొడతారు చూడండి, రాత్రి పన్నెండింటికి సోఫాలోంచి లేచి నిలబడ్డాను. డిఫికల్టీ మధ్యలో ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు. ఒకసారి తగ్గించాను, సిగ్గేం పడలేదు. చిరాకల్లా లోపలి ప్రాంతాలకు మ్యాప్ లేకపోవడమే. ఒకే దీపస్తంభాన్ని నాలుగుసార్లు చుట్టాను.

పీసీలో ఆడిన బ్లూ ప్రిన్స్‌లో కొట్లాటే లేదు. తలుపు తీసిన ప్రతిసారీ మూడు గదుల్లోంచి ఒకటి ఎంచుకుంటూ 45 గళ్ల బంగళా కట్టాలి, 46వ గది వెతకాలి. గేమ్‌లో ఒక్కో రోజు 50 అడుగులతో (స్టెప్స్) మొదలు. అవి అయిపోతే రోజు అయిపోయినట్టే, ఇల్లు మళ్లీ ఖాళీ. కావలసిన గది రాక రోజంతా వృథా అయినప్పుడు ఒళ్లు మండుతుంది. కానీ గోడ మీద బొమ్మలో కనిపించిన తేడా మాత్రం నా నోట్‌బుక్‌లో మిగులుతుంది. మొన్న మా మేనల్లుడు ఆ పేజీలు తిరగేసి, “మామయ్యా, మళ్లీ ఏమైనా పరీక్ష రాస్తున్నావా?” అన్నాడు.