పది గంటల ఆబ్సెంట్ మెసేజ్: మూడేళ్ల తర్వాత

పిల్లలు బడికి రాకపోతే ఉదయం పది లోపే ఫోన్‌కు మెసేజ్ రావడం ఇప్పుడు ప్రైవేటు స్కూళ్లలో మామూలే. మూడేళ్లుగా నేనూ అందుకుంటున్నాను. ఇక్కడ రాసేది అందులో ఒక్క మెసేజ్ గురించి.

మాది కాజీపేట, పాప స్కూలు హన్మకొండలో. పోయిన డిసెంబర్‌లో ఒకరోజు ఎనిమిదింబావుకు నేనే దగ్గరుండి ఆటో ఎక్కించాను. షాపు తెరిచి ఒక జాకెట్టుకు హెమ్మింగ్ చేస్తున్నాను. తొమ్మిదీ యాభైకి మెసేజ్. పాప పేరు, తారీఖు, ఆబ్సెంట్. ఆటో అతనికి చేస్తే రింగవుతోంది, ఎత్తడం లేదు. స్కూలు నంబర్ బిజీ. వచ్చిన మెసేజ్‌కే జవాబిద్దామంటే, పైన ఉన్నది ఫోన్ నంబర్ కాదు, ఏవో ఇంగ్లిష్ అక్షరాలు. జవాబు పోదు. స్కూటీ తీశాను. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగిపోయింది. అక్కడ నిలబడ్డ ఆ పది నిమిషాల్లో నా మనసు ఎక్కడెక్కడికి పోయిందో రాయలేను.

పాప గ్రౌండ్‌లో ఉంది. ఖోఖో జట్టు ఎంపిక కోసం ప్రార్థన అవగానే పీఈటీ సార్ కొంతమందిని తీసుకెళ్లారట. సాక్సుల నిండా దుమ్ము. "అమ్మా, ఎందుకొచ్చినవ్?" అని అడిగింది. క్లాసులో హాజరు తీసుకున్న టీచర్‌కు ఈ సంగతి తెలియదు.

ఆఫీసులో అడిగితే, "సిస్టంల ఎక్కించంగనే అదే పోతది మేడం, మా చేతుల ఏముండది" అన్నారు. కొంతవరకు నిజమే. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన వల్ల 2021 నుంచి ఇలాంటి మెసేజ్‌లలోని వాక్యాన్ని టెలికాం కంపెనీల దగ్గర ముందే రిజిస్టర్ చేయించాలి. స్కూలువాళ్లు మార్చేది పేరు, తారీఖు మాత్రమే. కానీ "పొరపాటున వెళ్లింది, మీ పాప బడిలోనే ఉంది" అనే వాక్యాన్నీ అలాగే రిజిస్టర్ చేయించి పెట్టుకోవచ్చు కదా! హాజరు రిజిస్టర్‌లో అయితే దిద్దారు. నా ఫోన్‌లో మాత్రం ఆ రోజుకు పాప ఇప్పటికీ ఆబ్సెంటే.

అంతకుముందు ఈ మెసేజ్‌ల గురించి కనిపించిన అందరికీ మెచ్చుకొని చెప్పేదాన్ని. మా పెద్దోడు పదో తరగతిలో ఉన్నప్పుడు బడి ఎగ్గొట్టి దోస్తులతో భద్రకాళి బండ్‌కు పోతే దీనివల్లే దొరికాడు. అయితే అప్పుడు స్కూల్లో ఉన్నది మా ఆయన నంబర్. ఆయన పని ఎనుమాముల మార్కెట్‌లో. మిర్చి సీజన్‌లో కాంటాల దగ్గర ఫోన్ చూసే తీరిక ఎక్కడిది? ఆయన చూసేసరికి రెండయింది. వాడు అప్పటికే ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాడు. తర్వాత లెటర్ రాసిచ్చి నా నంబర్ పెట్టించాను.

లీవ్ లెటర్ ఇచ్చినా మెసేజ్ ఆగదు. 2024లో జాతర రద్దీకి ముందే మేడారం పోయి అమ్మవార్లకు బంగారం (బెల్లం) సమర్పించి వద్దామని ముందుగానే చెప్పి వెళ్లాం. అయినా వచ్చింది.

డిసెంబర్‌లో ప్రిన్సిపల్ మేడం ముందు ఏడ్చేశాను. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక మార్పు చేశారు. రాని పిల్లల పేర్లు చీటీ మీద రాసి ఆయమ్మకు ఇస్తారు. ఆమె గ్రౌండ్, ల్యాబ్, ఆఫీసు గది అన్నీ తిరిగి, ఉన్నవాళ్ల పేర్లు కొట్టేసి తెస్తుంది. ఆ తర్వాతే సిస్టంలో ఎక్కిస్తారు. అప్పటినుంచి నాకు తప్పు మెసేజ్ రాలేదు. కాకపోతే ఇప్పుడు పదీ ఇరవైకి వస్తోంది.

నాకు ఆ అరగంట ఆలస్యం పర్వాలేదు. షాపు నాదే, మూసేసి వెళ్లగలను, బడి దగ్గరే. పరకాల నుంచో, స్టేషన్ ఘన్‌పూర్ నుంచో పిల్లల్ని ఒంటరిగా బస్సెక్కించే వాళ్లకు అరగంట చాలా ఎక్కువ. వాళ్లు చేర్పించేటప్పుడే, మెసేజ్ వస్తే ఏ నంబర్‌కు చేస్తే ఎత్తుతారో అడిగి రాయించుకోవాలి. మా స్కూలు నంబర్ పొద్దునపూట ఇప్పటికీ బిజీయే. క్లాస్ టీచర్ తన సొంత నంబర్ ఇచ్చారు. దాన్ని నా ఫోన్‌లో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.